అడుగుకి పన్నెండు రూపాయలు

మే నెలలో, మధ్యాహ్నానికి
టవర్ క్లాక్ నీడ చేటంత కూడా ఉండదు.
అది దాటి, సెల్‌ఫోన్ల అంగడి పక్క మెట్లెక్కితే
నలభై ఐదు రోజుల డిజైన్ కోర్సు.
పది కంప్యూటర్లు, ఏడు పనిచేసేవి,
కరెంటు పోతే అన్నీ సమానమే.

మొదటి రోజు నా పేరు నేనే టైపు చేసుకున్నా.
తిప్పేస్వామి. మా తాత పేరు.
తెర మీద
'ప' నెత్తిన పొల్లు మొలిచింది, కింది ఒత్తు ఊడి పక్కన కూర్చుంది.
'స' కింద ఉండాల్సిన 'వ'
మంద తప్పిన మేకపిల్ల మాదిరి వరుసలో బిక్కచూపులు చూస్తాంది.
వెనక నవ్వినారు. నేనూ నవ్వినా.

వసుంధర మేడం బెంగుళూరులో చదివొచ్చింది.
ఆమె చెప్పినవాటిలో నాకు పట్టుబడింది ఒకటే:
ఖాళీని ఖాళీ అనుకోవద్దు,
అక్షరం ఊపిరి తీసుకునే చోటది.
రాసుకుని, కింద రెండు గీతలు గీసినా.

జూన్‌లో ఇంటర్న్‌షిప్. అంటే
పాతూరులో ఖలందర్ అన్న ఫ్లెక్స్ షాపు.
జీతం లేదు. రెండు పూటలా టీ, సాయంత్రం మిరపకాయ బజ్జీ.
ఆయన ఒకప్పుడు కుంచె మనిషి,
లారీల వెనక, బడి గోడల మీద
ఇంకా అక్కడక్కడా మిగిలుంది ఆయన చెయ్యి.
మిషన్ వచ్చినాక కుంచెలు
కిరసనాయిలు డబ్బాలో నిలబడినట్టే గట్టిపడినాయి.
తెర మీద నా పేరు చూసి ఏమీ అనలేదు.
వేలు టీలో ముంచి
బల్ల మీద ఒక్క ఊపున రాసినాడు.
ఒత్తులు రెండూ పోయి తల్లుల పొట్ట కింద దూరినాయి.
"ఒత్తుకు చోటియ్యాల అబ్బీ,
కింది లైను దాన్ని కుమ్మగూడదు."
టీ ఆరేలోపు ఫోటో తీసుకున్నా.

మూడో వారం అక్కులమ్మ వచ్చింది.
నార్పల రోడ్డులో ఓళిగల అంగడి పెడతాదంట.
ఆరడుగులకు మూడడుగుల బోర్డు.
రెండు రోజులు కూర్చుని చేసినా:
మూలన ఒక్క ఓళిగ, దాని మీద నెయ్యి మెరుపు,
నడుమ ఆమె పేరు,
మిగతా అంతా పసుపు. ఒట్టి పసుపు.

శానా సేపు చూసింది.
"ఈడేం లేదే?"
కావాలనే వదిలినానక్కా.
"లేనిదానికి గూడా అడుగుకి పన్నెండు రూపాయలేనా?"
ఖలందర్ అన్న మిషన్ వైపు తిరిగి దగ్గినాడు.
నేను మేడం మాటలు అందుకున్నా,
కన్ను, ఊపిరి, నిదానం...
అన్నీ విని, కొంగుతో మెడ తుడుచుకునింది.
"ఆరెకరాలు నాయనా. నాలుగేండ్లు శెనిక్కాయ ఏసినాం.
మూడు బోర్లు, ఖాళీ. గాదె ఖాళీ.
ఇప్పుడు దుడ్లిచ్చి గూడా ఖాళీనే కొనుక్కోమంటావా?"

రెండు గీతల కింద
దీనికి జవాబు రాసుకోలేదు నేను.

కుర్చీ ఆమెకిచ్చి పక్కన నిలబడినా.
కొబ్బరి ఓళిగలు, బ్యాళ్ళ ఓళిగలు,
నిప్పట్లు, చెక్కిలాలు,
పెండ్లిండ్లకు ఆర్డర్లు తీసుకోబడును,
ఫోన్ నంబరు ఇంత లావున.
అంతా అయినాక మెల్లగా అడిగింది,
"ఆ మూలన ఒక శెనిక్కాయ చెట్టు ఎయ్యి."
ఓళిగల అంగడికి శెనిక్కాయెందుకక్కా?
"ఉండనీ. ఏర్లతో పీకినట్టు. నిండుగా కాసినట్టు."
ఊడ ఊడకీ కాయ పెట్టుకుంటా పోయినా.
పద్దెనిమిది కాయలైనాక
"ఇంకో రెండు" అనింది.

సూది మోపే సందు లేదు ఆ బోర్డులో.
ఆమె పేరులో మాత్రం రెండు ఒత్తులున్నాయి కదా,
వాటి కింద బొటనవేలంత పసుపు
ఎవురికీ చెప్పకుండా వదిలినా.

కోర్సు సర్టిఫికెట్ జూలైలో వచ్చింది,
నా పేరులో ఒత్తులు మళ్ళీ ఊడే ఉన్నాయి.

బిల్లు రెండొందల పదహారు.
ఖలందర్ అన్న కండ్లద్దాలు పైకి తోసి
బోర్డు దగ్గరికి వంగి చూసి,
రెండొందలే తీసుకున్నాడు.
ఆ పదహారు దేనికి తగ్గించినాడో
నేను అడగలేదు.